ఎద్దు మెడ, కారు తోక

కర్ణాటకలోని చింతామణి మార్కెట్ యార్డు ముందర కాసేపు నిలబడితే ఒక వింత లెక్క కంటబడుతుంది. టమాటా బాక్సులు నింపిన ట్రాలీని ఈడ్చుకుపోయే ట్రాక్టరు ఇంజను 35 హెచ్.పి. రోడ్డు పక్కన ఆగి ఉన్న పాత అంబాసిడర్ కారు ఇంజను సుమారు 50 హెచ్.పి. కాగితం మీద కారుదే పైచేయి. అయినా ట్రాక్టరు టన్నుల కొద్దీ సరుకును తాపీగా లాక్కుపోతుంది. అదే కారు వెనక ఓ చిన్న ట్రెయిలర్ తగిలించడానికి కొక్కెం పెట్టమంటే మాత్రం, గ్యారేజీలో ముప్పై ఏళ్లు చేతులు నల్లబరచుకున్న మెకానిక్కు కూడా తల గోక్కుంటాడు. ఎందుకు?

చిక్కబళ్లాపూరు నుంచి బాగేపల్లి మీదుగా హైదరాబాదు వైపు సాగే 44వ నంబరు జాతీయ రహదారి చుట్టుపక్కల ఊళ్లలో బోర్డులు కన్నడంలో ఉంటాయి, బేరాలు తెలుగులో నడుస్తాయి. తాత కొన్న అంబాసిడర్‌నో ఫియట్‌నో మహీంద్రా జీపునో అమ్మబుద్ధి కాక, పశువుల కొట్టం పక్కన టార్పాలిన్ కింద దాచుకునేవాళ్లు ఇలాంటి ఊళ్లలోనే ఉంటారు. ఇంజను విప్పించి, సీట్లు కుట్టించి, రంగు వేయించాక ఆశ ఇంకో మెట్టు ఎక్కుతుంది. వెనక చిన్న ట్రెయిలర్ ఉంటే తోటలోంచి మామిడి బాక్సులు తెచ్చుకోవచ్చు, బోరు మోటారు రిపేరుకు తీసుకుపోవచ్చు, చూసేవాళ్లకూ ముచ్చటగా ఉంటుంది.

ముచ్చటగానే ఉంటుంది. కానీ కొక్కెం దగ్గర లాగడమన్నది చాలా చిన్న సంగతి. అసలు పంచాయితీ అంతా బరువుది. అది ఎక్కడ దిగుతుంది, ఎటు ఊగుతుంది, ఎలా ఆగుతుంది అన్నదే తేల్చుకోవాలి. ఎద్దులబండి కట్టినవాడికి ఇది ఏనాడో తెలుసు. కారు నడిపేవాడే మరిచిపోయాడు.

కపిల బాన, చేతి చెంబు

ముందు ఆ హెచ్.పి. చిక్కుముడి విప్పుదాం. కరెంటు మోటార్లు రాకముందు ఈ నేలలో పొలాలకు కపిలతో నీళ్లు తోడేవాళ్లు. పెద్ద తోలు బాన బావిలో దిగేది, ఎద్దులు ఏటవాలు బాటలో మెల్లగా దిగుతుంటే అది పైకి వచ్చేది. అదే బావి నుంచి, అంతే సేపట్లో, అన్నే నీళ్లు ఒక్కో చెంబూ గబగబా లాగి కూడా తోడవచ్చనుకోండి. రెండింటిలోనూ గంటకు జరిగే పని ఒకటే. ఒకదానిలో బలం ఎక్కువ, వేగం తక్కువ. రెండోదానిలో వేగం ఎక్కువ, బలం తక్కువ.

హెచ్.పి. అనేది ఇలా గంటకు ఎంత పని అని చెప్పే కొలత మాత్రమే. ఆ పనిని బానలా చేస్తారా చెంబులా చేస్తారా అన్నది గేరుపెట్టె నిర్ణయిస్తుంది. 35 హెచ్.పి. ట్రాక్టరు గంటకు 5 కిలోమీటర్ల నడకలో తన శక్తినంతా లాగడానికే పెడితే, మధ్యలో జరిగే నష్టాలు పక్కన పెట్టి లెక్క వేస్తే, లాగుడు బలం 1,900 కిలోల బరువుకు సమానంగా వస్తుంది. 50 హెచ్.పి. అంబాసిడర్ గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు అదే లెక్కన వచ్చే బలం 225 కిలోలు. ఎనిమిదో వంతు కూడా లేదు.

కారును మొదటి గేరులో పెట్టి నిదానంగా లాగించవచ్చు కదా అనవచ్చు. కాసేపు లాగుతుంది. ఆ తర్వాత రెండు అడ్డంకులు వస్తాయి. ఒకటి క్లచ్చు. బరువుతో బయలుదేరిన ప్రతిసారీ అది జారుతూ, రాసుకుంటూ, వేడెక్కుతుంది. రెండోది నేల పట్టు. చక్రం ఎంత గట్టిగా తిరిగినా, దాని మీద నిలిచిన బరువును బట్టే నేల దాన్ని పట్టుకుంటుంది. ట్రాక్టరుకు వెనక అంత పెద్ద టైర్లు ఉండేదీ, కొందరు రైతులు వాటిలో నీళ్లు కూడా నింపించేదీ ఇందుకే. అంబాసిడర్ వెనక చక్రాల మీద డిక్కీ, వెనక సీటు తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

లాగే బలం గొడవ ఇక్కడితో ముగిసింది. మూడు నాలుగు వందల కిలోల ట్రెయిలర్‌ను చదును రోడ్డు మీద లాగడానికి అంబాసిడర్ ఇంజను చాలు. చిక్కు మరోచోట ఉంది.

ఎద్దు మెడ చెప్పే లెక్క

రెండు చక్రాల ఎద్దులబండి మీద బస్తాలు ఎత్తేటప్పుడు అనుభవం ఉన్న రైతు చివరి రెండు బస్తాల దగ్గర ఆగుతాడు. నొగ కొసను చేత్తో పట్టుకుని ఎత్తి, దించి చూస్తాడు. బరువు మరీ ముందుకు ఉంటే కాడిమాను ఎద్దుల మెడ మీద కూర్చుని రాసేస్తుంది. మరీ వెనక్కి ఉంటే నొగ లేచి, మెడ కింది తాడు ఎద్దు గొంతును పైకి లాగుతుంది. రెండూ కాకుండా మెడ మీద కొద్దిగా, పశువు గుర్తుపట్టేంత బరువు ఉండాలి. అప్పుడే బండి ఎద్దులతో కలిసి నడుస్తుంది.

కారు వెనక ట్రెయిలర్‌కూ సరిగ్గా ఇదే సూత్రం. కొక్కెం మీద పడే ఈ బరువును మెడబరువు అందాం. ఇంగ్లిషులో దీన్ని నాలుక బరువు అంటారు. వాళ్ల నాలుక కన్నా మన ఎద్దు మెడే విషయాన్ని తేటగా చెబుతుంది. అమెరికాలో ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం మెడ మీద ఉండాలంటారు. ఐరోపాలో అంతకన్నా తక్కువ చాలంటారు, అక్కడ ట్రెయిలర్లకు వేగ పరిమితులు కట్టుదిట్టంగా ఉండటం అందుకు ఒక కారణమంటారు.

చింతామణి లెక్కల్లోకి దించి చూద్దాం. ఈ ప్రాంతపు మార్కెట్లలో టమాటా బాక్సంటే 15 కిలోలు. ఖాళీ ట్రెయిలర్ 150 కిలోలు అనుకుందాం, అందులో 20 బాక్సులు. మొత్తం 450 కిలోలు. పదో వంతు లెక్కన మెడబరువు 45 కిలోలు, అంటే మూడు బాక్సులు. బాక్సులన్నీ ఇరుసుకు అటూ ఇటూ సమానంగా పేర్చి ఉంటే మెడ మీద బరువు సున్నా. ఇరుసుకూ కొక్కేనికీ మధ్య రెండున్నర మీటర్లు ఉంటే, ఒక్క బాక్సును మీటరు ముందుకు జరిపితే మెడ మీద 6 కిలోలు పెరుగుతాయి. మొత్తం సరుకును దాదాపు జానన్నర ముందుకు జరిపితే ఆ 45 కిలోలూ వచ్చేస్తాయి. ఇంత చిన్న తేడాతో బండి బుద్ధే మారిపోతుంది.

ఆ 45 కిలోలు కారు మీద ఎలా దిగుతాయో చూస్తే మరో చమత్కారం బయటపడుతుంది. అంబాసిడర్ ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2.46 మీటర్లు. కొక్కెం వెనక ఇరుసుకు ఒక మీటరు వెనక ఉందనుకుందాం. పిల్లలు ఆడే తూగుడుబల్లలాగే వెనక ఇరుసు ఇక్కడ మధ్య దిమ్మె అవుతుంది. తోక కొస మీద 45 కిలోలు పడితే ముందు చక్రాల మీది నుంచి దాదాపు 18 కిలోలు లేచిపోతాయి. వెనక ఇరుసు మోసే అదనపు బరువు 45 కాదు, 63. బరువు మెడబరువే అయినా, దాన్ని మోస్తున్నది కారు తోక. ఎద్దుల బండిలో కాడి సరిగ్గా మెడ మీదే ఉంటుంది. కారులో కాడి ఎద్దు తోకకు కట్టినట్టుంటుంది. తేడా అంతా అక్కడే.

ముందు చక్రాలు తేలికైతే స్టీరింగు పట్టు తగ్గుతుంది. రాత్రిపూట హెడ్‌లైట్లు రోడ్డును వదిలి ఎదురుగా వచ్చే లారీ డ్రైవరు కళ్లలోకి కొడతాయి. వెనక కమానుపట్టీలు అరవై ఏళ్ల వయసువైతే మరీ కుంగిపోతాయి.

ముందు చక్రాలు లేచిన ట్రాక్టర్లు

కొక్కెం ఎక్కడ ఉండాలన్న ప్రశ్నకు మనుషులు ప్రాణాలతో మూల్యం చెల్లించిన కథ ఒకటుంది. అది కార్లది కాదు, ట్రాక్టర్లది.

1917లో హెన్రీ ఫోర్డ్ కంపెనీ ఫోర్డ్‌సన్ అనే తేలికైన, చవకైన ట్రాక్టరును తయారు చేయడం మొదలుపెట్టింది. లక్షల్లో అమ్ముడుపోయింది. దాని వెనక నాగలి తగిలించి దున్నుతుంటే, నాగలి భూమిలో ఏ బండకో వేరుకో తట్టుకుని ఆగిపోయేది. దాంతో నేలను పట్టుకున్న చక్రాలూ ముందుకు కదలలేకపోయేవి. నాగలి కదలదు, ఇంజను ఆగదు, ఇక ట్రాక్టరే తన వెనక ఇరుసు చుట్టూ తిరిగి లేచేది. ముందు చక్రాలు గాల్లోకి లేచి, మొత్తం ఇనుప ముద్ద వెనక్కి పల్టీకొట్టి, నడిపేవాడి మీద పడేది.

దీనికి మందు కనిపెట్టినవాడు ఐర్లండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గుసన్. మనిషి కాస్త మొండి ఘటం. 1909 డిసెంబరు 31న తాను సొంతంగా చేసుకున్న విమానంలో ఎగిరి, ఐర్లండ్‌లో విమానం నడిపిన తొలి వ్యక్తి అనిపించుకున్నాడు. ఆ తర్వాత నాగలి మీద పడ్డాడు. నాగలిని ఒకే కొక్కేనికి వేలాడదీయకుండా, కింద రెండు చేతులు, పైన ఒక చెయ్యి పెట్టి మూడు చోట్ల పట్టించాడు. నాగలి ఏదైనా తట్టుకున్నప్పుడు పై చెయ్యి ట్రాక్టరును ముందుకు తోస్తుంది. దాంతో పైకి లేవబోయే ముందు చక్రాలు నేలకు మరింత అదుముకుంటాయి. పల్టీకొట్టించే బలాన్నే అడ్డుకునే బలంగా మార్చాడన్నమాట. 1938లో ఫోర్డ్, ఫెర్గుసన్ ఇద్దరూ రాతపూర్వక ఒప్పందం లేకుండా చేతులు కలిపారు. 1939లో ఫోర్డ్-ఫెర్గుసన్ ట్రాక్టరు వచ్చింది. ఫోర్డ్ మనవడి కాలంలో ఆ మాట చెడి, వ్యవహారం కోర్టుకెక్కి, 1952లో తొంభై లక్షల డాలర్లకు పైగా పరిహారంతో తెగింది. చేతులు కలిపి చేసుకునే బేరాల గురించి పల్లెలో పెద్దవాళ్లు ఊరికే జాగ్రత్తలు చెప్పరు.

ఈ కథ మనకు దూరమైనదేం కాదు. ఫెర్గుసన్ కంపెనీ 1953లో మాసీ-హ్యారిస్‌తో కలిసిపోయింది, ఆ తర్వాత పేరు మాసీ ఫెర్గుసన్ అయింది. ఆ కంపెనీతో కలిసి 1960లో మద్రాసులో మొదలైందే టాఫే ట్రాక్టర్ల కంపెనీ. ఈనాడు చింతామణి, శిడ్లఘట్ట పొలాల్లో తిరిగే ఏ కంపెనీ ట్రాక్టరు వెనక చూసినా ఆ మూడు చేతుల కొక్కెం కనిపిస్తుంది.

ట్రాలీని మాత్రం ఆ చేతులకు కాకుండా, కింద ఉండే డ్రాబారుకో వెనక హుక్కుకో తగిలిస్తారు. ఆ చోటు వెనక ఇరుసు కన్నా కిందనే ఉంటుంది. అలా కాకుండా బురదలో దిగబడిన లారీని లాగాలని గొలుసును సీటు కిందో, పై చేతికో ఎత్తుగా కట్టారనుకోండి, ఫోర్డ్‌సన్ కథ మళ్లీ మొదలవుతుంది. బండి ఏదైనా గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. ఇరుసు కన్నా కొక్కెం ఎంత ఎత్తులో ఉంటే వెనక్కి లేపే బలం అంత ఎక్కువ. ఎంత కింద ఉంటే అంత తక్కువ.

నిచ్చెన కట్టు, అగ్గిపెట్టె కట్టు

పాత జీపుకూ పాత అంబాసిడర్‌కూ వయసు ఒకటే కావచ్చు, ఎముకలు మాత్రం ఒకటి కావు.

జీపు కింద పడుకుని చూస్తే రెండు పొడవైన ఇనుప దూలాలు, వాటి మధ్య అడ్డకమ్ములు కనిపిస్తాయి. అచ్చం నిచ్చెనే. పైన ఉన్న బాడీని ఊడదీసినా ఆ నిచ్చెన మీద చక్రాలు, ఇంజను నిలబడే ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన విల్లీస్ జీపు వెనక, ఈ నిచ్చెన చివరి మెట్టుకే కొక్కెం బిగించి, పావు టన్ను సరుకు మోసే రెండు చక్రాల ట్రెయిలర్‌ను తగిలించేవాళ్లు. అంటే తయారైన నాడే దానికి ట్రెయిలర్ రాసిపెట్టి ఉంది. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మహీంద్రా సోదరుల సంస్థ బొంబాయిలో బిగించడం మొదలుపెట్టింది విల్లీస్ జీపులనే.

అంబాసిడర్ కథ వేరు. ఇంగ్లండ్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు అచ్చులతో హిందుస్థాన్ మోటార్స్ 1958లో దాన్ని బయటికి తెచ్చింది. 2014 దాకా బెంగాల్‌లోని ఉత్తరపారా కర్మాగారంలో తయారైంది. చూడ్డానికి బండరాయిలా ఉన్నా దాని కింద నిచ్చెన లేదు. రేకుల్నే పెట్టెలా మడిచి, అతికి, ఆ పెట్టెకే బలం వచ్చేలా చేసిన కట్టు అది. ఇంజనీర్లు మోనోకాక్ అంటారు, మనం పెంకుకట్టు అనుకుందాం. ఫియట్ 1100, దాని తర్వాత వచ్చిన ప్రీమియర్ పద్మిని కూడా ఇదే జాతి.

పెంకుకట్టు ఎంత గట్టిదో, ఎక్కడ మెత్తనిదో తెలుసుకోవాలంటే ఖాళీ అగ్గిపెట్టె చాలు. అరచేత్తో అంతటా సమానంగా నొక్కితే తట్టుకుంటుంది. అదే చోట మేకు పెట్టి నొక్కితే సులువుగా దిగిపోతుంది. బలమంతా ఒకే చుక్క దగ్గర పడితే రేకు ఓడిపోతుంది, పది చోట్లకు పంచితే మోస్తుంది. అందుకే డిక్కీ అడుగున నాలుగు రంధ్రాలు తొలిచి, నాలుగు బోల్టులతో కొక్కెం బిగించి పంపే పని చూడ్డానికి ఎంత గట్టిగా కనిపించినా తప్పే. మొదటి రోజు ఏమీ కాదు. ప్రతి గుంతలో ట్రెయిలర్ కొక్కేన్ని ఒకసారి కిందికి గుంజుతుంది, ఒకసారి పైకి తంతుంది. ఇల్లు కట్టేచోట బైండింగు వైరును కట్టరు లేకుండా ఎలా తెంపుతారో అందరూ చూసే ఉంటారు. రెండు మూడుసార్లు అటూ ఇటూ వంచితే పుటుక్కుమంటుంది. ఇనుముకు ఒకసారి పడే పెద్ద దెబ్బ కన్నా వెయ్యిసార్లు పడే చిన్న దెబ్బలే చేటు. దీన్ని లోహపు అలసట అంటారు. మనిషి అలసట నిద్రతో పోతుంది, లోహానిది పోదు.

పని తెలిసినవాళ్లు చేసే పద్ధతి ఇలా ఉంటుంది. కొక్కెం వెనక రెండు పొడవాటి చేతుల్లాంటి ఇనుప పట్టీలు కారు అడుగున ముందుకు సాగి, కమానుపట్టీలు బిగించిన చోట్ల దాకా వెళ్తాయి. తయారీదారుడే బరువు మోయడానికి గట్టిపరిచిన చోట్లవి. బంపరు బిగించడానికి ముందే ఉన్న రంధ్రాలను వాడుకుంటారు, కొత్తవి తొలవరు. బోల్టు పడిన ప్రతిచోటా రేకుకు లోపల అరచేయి వెడల్పు ఇనుప పలక పెడతారు. పలుచని రేకును వెల్డింగు వేడితో కాల్చరు, బోల్టే వేస్తారు. అన్నిటికన్నా ముందు ఒక స్క్రూడ్రైవరు తీసుకుని డిక్కీ అడుగున, చక్రాల గూళ్ల అంచుల్లో పొడిచి చూస్తారు. మొన అప్పడంలోకి దిగినట్టు దిగిందంటే అక్కడ మిగిలింది పెయింటు, తుప్పు మాత్రమే. ఆ కారుకు కొక్కెం మాట మరిచిపోవడం మంచిది.

కొక్కెం తలకాయ సంగతీ ఒక మాట. కారు ట్రెయిలర్లకు ఎక్కువ దేశాల్లో 50 మిల్లీమీటర్ల ఉక్కు గుండు వాడతారు. ట్రెయిలర్ మెడ కొసన ఉన్న గిన్నె దాని మీద బోర్లా కూర్చుంటుంది. గుండే ఎందుకంటే, మలుపులో పక్కకు తిరగాలి, మిట్టపల్లాల్లో పైకీ కిందికీ వంగాలి, ఒక చక్రం గుంతలో పడితే పక్కకు ఒరగాలి. మూడింటికీ ఒప్పుకుంటూ పట్టు వదలనిది మన తుంటి కీలు. తొడ ఎముక తల గుండ్రంగా ఉండేది ఈ కారణానికే. ట్రాక్టరు హుక్కులోనైతే పిన్నుకూ రంధ్రానికీ మధ్య వదులు ఉంటుంది, ఆ వదులే ఈ మూడు కదలికలకూ చోటిస్తుంది. ప్రతి గుంత దగ్గరా వినిపించే ఆ టంగుమనే మోత అదే. నిదానంగా నడిచే ట్రాక్టరుకు ఫరవాలేదు. 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారుకు ఆ మోత ఒక్కొక్కటీ ఒక సుత్తి దెబ్బ.

తోకాట మొదలైతే

ఇప్పుడు అన్నిటికన్నా భయపెట్టే సంగతి. 44వ నంబరు రోడ్డు మీద బాగేపల్లి దాటాక పెద్ద కంటెయినరు లారీ ఒకటి పక్కనుంచి దూసుకుపోయిందనుకోండి. దాని గాలి ట్రెయిలర్ మూపును పక్కకు తోస్తుంది. ట్రెయిలర్ కారు తోకను పక్కకు లాగుతుంది. టైర్లు దాన్ని వెనక్కి తెస్తాయి, కానీ కాస్త ఎక్కువే తెస్తాయి. మళ్లీ అటు, మళ్లీ ఇటు. దీన్ని తోకాట అందాం.

వేగం తక్కువగా ఉంటే తోకాట రెండు ఊపుల్లో చల్లారుతుంది. వేగం పెరిగేకొద్దీ చల్లార్చే శక్తి తగ్గుతూ వస్తుంది. ఒక హద్దు దాటితే ఊపు చల్లారడానికి బదులు ప్రతిసారీ పెరుగుతుంది, ఉయ్యాలను వెనక్కి వచ్చిన ప్రతిసారీ ఎవరో తోస్తున్నట్టు. ఆ తర్వాత డ్రైవరు స్టీరింగును అటూ ఇటూ తిప్పి సరిచేయబోతే, అతనే ఉయ్యాల తోసేవాడవుతాడు. చేయాల్సింది ఎంత సులువో మనసుకు అంత కష్టం. యాక్సిలరేటరు మీది నుంచి కాలు తీసి, స్టీరింగు తిన్నగా పట్టుకుని, వేగం దానంతటది తగ్గేదాకా ఓపిక పట్టాలి.

ఆ హద్దు వేగం ఎంత అన్నది దేని మీద ఆధారపడుతుంది? ఇంగ్లండ్‌లోని బాత్ విశ్వవిద్యాలయం ఇంజనీర్లు ఒక ట్రెయిలర్‌లో బరువులు రకరకాలుగా మార్చి, కారుతో లాగించి కొలిచారు. 2009లో వెలువడిన ఆ పరిశోధనలో పెద్ద పాత్ర మూడింటిదని తేలింది. మెడబరువు, ఇరుసు ఉన్న చోటు, సరుకు మధ్యన ఉందా కొసల్లో ఉందా అన్నది.

మూడోది అర్థం కావాలంటే కావడి చాలు. రెండు కొసలా రెండు నీళ్ల బిందెలు వేలాడుతున్న కావడి ఎత్తుకుని మనిషి గబుక్కున పక్కకు తిరిగాడంటే బిందెలు అతన్ని ఇంకో చుట్టు తిప్పుతాయి. అవే రెండు బిందెలు రెండు చంకల్లో ఉంటే ఆ బాధ ఉండదు. బరువు అంతే, అది ఉన్న చోటే వేరు. ట్రెయిలర్ ముందు కొసన ఒక జనరేటరు, వెనక కొసన నాలుగు బస్తాలు వేస్తే మెడబరువు లెక్క కుదరవచ్చు, కానీ అది కావడి. బరువైనవన్నీ ఇరుసు దగ్గర, కాస్త ముందుకు, కింద వరసలో ఉండాలి. ఖాళీ బాక్సులు, గడ్డి, పరుపులు కొసల్లో.

ఆ కంటెయినరు లారీయే ఎందుకు ఊగదో చూడండి. దాని పెట్టె ముందు భాగం, లాగే బండి వెనక ఇరుసుల నెత్తి మీదే దాదాపుగా కూర్చుంటుంది. తోక కాదు, వీపు. పెట్టె పక్కకు తోసినా తోకను తిప్పే అవకాశం లేదు. బంగారుపేట నుంచి కోలారు, చింతామణి, శిడ్లఘట్టల మీదుగా చిక్కబళ్లాపూరు వైపు ఒకప్పుడు నడిచిన నారో గేజి రైలుకైతే ఈ చింతే లేదు. బోగీలన్నీ కొక్కేలతోనే వేలాడినా, ప్రతి చక్రాన్నీ పట్టా పట్టుకుని ఉంటుంది. కారు ట్రెయిలర్‌కు పట్టా లేదు, వీపూ లేదు.

నంది కొండ దిగేటప్పుడు

ఎక్కడం ఇంజను పని, దిగడం బ్రేకుల పని. నంది కొండ శిఖరం ఎత్తు 1,478 మీటర్లు. ఆ మలుపుల దారిలో కారు, మనుషులు, ఖాళీ ట్రెయిలర్ కలిపి 1,500 కిలోలు 500 మీటర్లు కిందికి దిగాయనుకుందాం. పైనుంచి తెచ్చుకున్న ఆ శక్తి ఎటూ పోదు, అంతా వేడిగా మారాల్సిందే. ఎంత వేడి? దాదాపు 25 లీటర్ల చన్నీళ్లను, అంటే రెండు బిందెలను, తెర్లకాగించేంత. ఆ వేడిలో ఎక్కువ భాగం పాత అంబాసిడర్ నాలుగు డ్రమ్ము బ్రేకుల్లోకి వెళ్తుంది. డ్రమ్ము మూసిన గిన్నె లాంటిది, వేడి బయటికి పోవడానికి దారి తక్కువ. వేడెక్కినకొద్దీ బ్రేకు లైనింగు పట్టు జారుతుంది. పెడల్ ఎంత తొక్కినా కారు ఆగనంటుంది. కొండ ఏ గేరులో ఎక్కుతుందో ఆ గేరులోనే దిగాలని పాత డ్రైవర్లు చెప్పే మాటకు ఇదే ఆధారం. ఇంజనే బ్రేకు వేస్తుంది.

ఐరోపాలో సొంత బ్రేకుల్లేని ట్రెయిలర్ బరువు 750 కిలోలు మించకూడదు, లాగే కారు బరువులో సగమూ మించకూడదు. ఈ రెంటిలో ఏది తక్కువైతే అది. అంబాసిడర్ ఖాళీ బరువు 1,100 కిలోల పైచిలుకు. అంటే 550 దగ్గర గీత పడుతుంది. మన టమాటా ట్రెయిలర్ 450తో ఆ గీతకు ఇవతలే ఉంది. మరో ఏడు బాక్సులు ఎక్కిస్తే గీత దాటేస్తుంది.

లైట్ల సంగతి చిన్నదే కానీ చాలామంది చేతులు కాల్చుకునేది అక్కడే. ఆనాటి బ్రిటిష్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొసను బాడీకి కలిపేవాళ్లు, ఇప్పటి బండ్లకు సరిగ్గా తలకిందులుగా. కొత్త ఎల్.ఇ.డి. లైట్లున్న ట్రెయిలర్‌ను అలాంటి కారుకు కలిపితే లైట్లు వెలగవు, ఒక్కోసారి వైర్లు వెలుగుతాయి. పాత డైనమో ఇచ్చే కరెంటు కూడా అంతంత మాత్రమే. కొక్కెం పెట్టే ముందు మీటరుతో ఏ కొస బాడీకి ఉందో చూడటం రెండు నిమిషాల పని.

చివరగా కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారుడు ఇచ్చిన ప్రాథమిక వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ మాటను గట్టిగా చెప్పింది. ట్రెయిలర్‌కు రిజిస్ట్రేషను విడిగా కావాలి. ఇక 50 ఏళ్లు దాటి, మొదటి రూపంలోనే ఉన్న కార్లను 2021 జులై నాటి కేంద్ర ప్రభుత్వ నిబంధనల ప్రకారం వింటేజ్ బండ్లుగా నమోదు చేస్తున్నారు. కొత్త నమోదుకు రుసుము 20,000 రూపాయలు, పదేళ్లకోసారి పునరుద్ధరణకు 5,000. ఆ గుర్తింపు కావాలంటే చట్రం, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పులేవీ చేసి ఉండకూడదు. ఆ బండితో రోజువారీ పనులు, కిరాయి తోలడం కూడా కుదరదు. అంటే వింటేజ్ గుర్తుగా వీఏ అక్షరాల నంబరు పలక తగిలించుకున్న కారు టమాటాలు మోయడానికి కాదు, ప్రదర్శనకూ ర్యాలీకే.

కాబట్టి 1960ల నాటి అంబాసిడర్ చెక్కుచెదరకుండా ఇంట్లో ఉన్నవాళ్లు దాని తోకకు డ్రిల్లు తాకించకపోవడమే మంచిది. ట్రెయిలరే కావాలంటే నిచ్చెన కట్టున్న జీపు దానికి తగిన బండి, కాగితాలు మాత్రం దానికీ కావాలి. ఇక ట్రాక్టరైనా జీపైనా రెండు చక్రాల బండిని తగిలించేవాళ్లు ఎవరైనా సరే, ఈసారి సరుకు ఎత్తాక కొట్టంలో మూలనున్న కాటాను ఒకసారి బయటికి తీయండి. ఇటుకలు పేర్చి, ట్రెయిలర్ మెడను కొక్కెం ఎత్తులోనే దాని మీద ఆనించి చూడండి. పదో వంతుకు బాగా తక్కువ చూపిస్తే, బయలుదేరే ముందు వెనకనున్న బాక్సుల్లో నాలుగింటిని ముందుకు జరపండి.